వరస కలిసిన పావురాలు

భవిత పాత తాపీతో డాబా మీద పావురాల గూళ్ళ పలకలు గీకుతోంది. రెట్ట తడిగా ఉన్నప్పుడు గీకితే పులుముకుంటుంది. ఎండాక గీకితే పొరలుగా లేచి వస్తుంది. ఇరవై నాలుగేళ్ళకే ఇంత సూక్ష్మం తెలుసుకున్న బి.కాం. అమ్మాయి గుడివాడలో మరొకరు ఉండరు.

ఆ రోజు పదింటికి అవనిగడ్డ నుంచి మావయ్య భుజంగరావు, అత్తయ్య, వాళ్ళబ్బాయి తేజ రావాలి. భవితను తేజకిద్దామని రెండిళ్ళలోనూ చిన్నప్పటి నుంచి అనుకుంటున్నదే. నిశ్చితార్థానికి రోజు అనుకుంటే సరిపోతుందని వాళ్ళమ్మ సుబ్బరత్నమ్మ వారం ముందే లడ్డూలు తెప్పించింది. భవిత ఇష్టం ఎవరూ అడగలేదు. ఈ రోజుల్లో మేనరికం ఏమిటని ఆమె స్నేహితురాళ్ళు జాలిపడ్డారు. ఆ జాలిని ఆమె కాదనలేదు. పదో తరగతి నుంచి తనకు తేజ అంటే ఇష్టమని ఆమె ఎవరికీ చెప్పలేదు, తేజకు కూడా. ఆ సంతోషంలో ఇవాళ రేపటి పలకలు కూడా గీకేసింది.

సంతోషం లేనిది వాళ్ళ నాన్న రామబ్రహ్మానికే. ఎనిమిదేళ్ళ క్రితం ఆయన పావురం నాగపూర్‌లో తెల్లవారుజామున వదిలితే దీపాలు పెట్టే లోపల గుడివాడ చేరింది. ఆ పావురాన్ని ఇంట్లో 'పెద్దాయన' అంటారు. ఆ పందెంలో గెలిచిన కప్పు ఇప్పటికీ టీవీ పక్కన ఉంది. ఆ రక్తం పలచబడకూడదని రామబ్రహ్మం అప్పటి నుంచి బయటి పావురాన్ని గూట్లో అడుగు పెట్టనివ్వలేదు. పెద్దాయన మనవలకూ, ఆ మనవల పిల్లలకూ వాళ్ళలో వాళ్ళకే జత కట్టాడు. అలాగని ధర్మం తప్పలేదు. అన్నదమ్ముల పిల్లలు అన్నాచెల్లెళ్ళవుతారు కనుక వాళ్ళను కలపలేదు. అన్న పిల్లను చెల్లెలి పిల్లతో మాత్రమే కలిపాడు. రిజిస్టరులో ప్రతి జత పక్కనా ఎర్ర సిరాతో 'వరస కుదిరింది' అని రాసుకున్నాడు.

ఇంత ధర్మంగా చేసినా వంశం దిగజారుతూనే ఉంది. గుడ్లు మురిగిపోతున్నాయి. పోయినేడు ఖమ్మం పంపిన ఏడింటిలో తిరిగొచ్చినవి రెండు. ఆ రెండింటిలో ఒకటి ఏలూరు బస్సులో కండక్టరు చేతిసంచీలో వచ్చింది. రామబ్రహ్మానికి అన్నం సహించడం మానేసింది.

అందుకే బందరు నుంచి పశువుల డాక్టరు జెస్సీని సాయంత్రం రమ్మన్నాడు. ఈ సంగతి భార్యకు చెప్పలేదు. చెప్పే వీలు కూడా లేదు. పొద్దున్నే సుబ్బరత్నమ్మ ఆయన్ని వంటగదిలోకి పిలిచి, వచ్చినవాళ్ళు లేచి వెళ్ళేదాకా పావురం అనే మాట నోట రాకూడదని ఒట్టు వేయించుకుంది. చల్లపల్లి పెళ్ళిలో ఆయన పావురాల కబుర్లు వింటూ పెళ్ళికొడుకు పెదనాన్న ఆఖరి బస్సు తప్పిపోయాడు. ఆమె భయంలో న్యాయం ఉంది. రామబ్రహ్మం ఒట్టు తప్పే మనిషి కాదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

పదింటికి కారు వచ్చింది. మంచినీళ్ళయ్యాయి, కాఫీ కప్పులు చేతికొచ్చాయి. వర్షాల గురించి, చెరువుల్లో రొయ్యల రేటు గురించి మాట్లాడుకున్నారు. ముహూర్తం మాట మాత్రం భుజంగరావు ఎత్తడం లేదు. అప్పుడే గేటు దగ్గర స్కూటర్ ఆగింది. సాయంత్రం పెడనలో పని పడిందనీ, అందుకే ముందే వచ్చేశాననీ చెబుతూ జెస్సీ సంచీతో లోపలికి వచ్చింది.

"మన డాక్టర్ గారు, బందరు," అన్నాడు రామబ్రహ్మం. ఏం డాక్టరో చెప్పబోయి, భార్య ముఖం చూసి ఆగిపోయాడు.

"ఎవరికి బాగోలేదు బావగారూ?" అన్నాడు భుజంగరావు.

"అందరికీ కొంచెం అలాగే ఉందండీ," అన్నాడు రామబ్రహ్మం దిగులుగా.

జెస్సీకి తన పని తప్ప మరొకటి పట్టదు. కుర్చీలో కూర్చుని కాగితం తీసింది. బయటివాళ్ళను కలపక ఎన్నాళ్ళయిందని అడిగింది. నాలుగు తరాలు అన్నాడు రామబ్రహ్మం. మా పెద్దాయన రక్తం పోకూడదని అలా చేశామన్నాడు. ఆ పెద్దాయన ఎవరని భుజంగరావు కళ్ళతోనే చెల్లెల్ని అడిగాడు. గోడ మీద రామబ్రహ్మం తండ్రి ఫొటోకు దండ వేసి ఉంది. ఆ పెద్దాయన ఆయనేననుకున్నాడు భుజంగరావు.

"వరస తప్పి ఒక్క జత కూడా కట్టలేదమ్మా. అన్నీ మేనరికాలే," అన్నాడు రామబ్రహ్మం.

"మేనరికమైతే మాత్రం రక్తం వేరవుతుందా అండీ? బాబాయి పిల్లలైనా మేనత్త పిల్లలైనా లెక్క ఒకటే. ఇప్పటివాళ్ళు ఎలా ఉన్నారు?"

"ఏం చెప్పమంటావు. బయటికి పంపితే ఇల్లు గుర్తుండట్లేదు. ఒకడికి ముక్కు వంకర. ఆడవాళ్ళు కూర్చున్నచోటి నుంచి లేవరు."

అప్పుడే కూర్చున్న సుబ్బరత్నమ్మ గబుక్కున లేచి నిలబడింది. రామబ్రహ్మం ఆమెకు సొంత మేనత్త కొడుకు. ఆ సంగతి గదిలో జెస్సీకి తప్ప అందరికీ తెలుసు. అత్తయ్య తేజ ముక్కు వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుంది.

"అయితే ఇక్కడితో ఆపెయ్యండి," అంది జెస్సీ. "ఇంకొక్క జత వాళ్ళలో వాళ్ళకే కట్టినా మిగిలేదేమీ ఉండదు. బయటి సంబంధం తెచ్చుకోండి."

భుజంగరావు కాఫీ కప్పు కింద పెట్టాడు. "ఇష్టం లేదని ఫోన్లో ఒక్క మాట అంటే సరిపోయేది బావగారూ. మమ్మల్ని పిలిచి, డాక్టరమ్మని కూర్చోబెట్టి చెప్పించాలా?"

రామబ్రహ్మానికి విషయం అప్పుడు అర్థమైంది. ఒక్క మాటతో అంతా తేలిపోతుంది. ఆ ఒక్క మాట మీదే ఒట్టు ఉంది. ఆయన సెలవు కోసం భార్య వైపు చూశాడు. ఆమె కళ్ళు మూసుకుని, "పావురాలు అన్నయ్యా. ఆయన చెప్పేదంతా పావురాల సంగతి," అంది.

భుజంగరావు నమ్మలేదు. చూపిస్తేగానీ నమ్మనన్నాడు. అందరూ డాబా ఎక్కారు. ఒట్టు తీరిపోయిన రామబ్రహ్మం గట్టు తెగిన కాలవలా మాట్లాడాడు. ముక్కు వంకర తిరిగిన కుర్రపావురం జొన్నగింజను పక్కనుంచి పట్టుకోబోయి మూడుసార్లు జారవిడిచింది. మరొకటి ఉన్నచోటనే గుండ్రంగా తిరుగుతోంది. భుజంగరావుకు నవ్వాగలేదు. అత్తయ్య కూడా నవ్వింది. తేజ ఫోన్‌తో ఫొటో తీశాడు. భవిత వెనక నిలబడి, గండం గడిచిందనుకుని మెట్లు దిగి మళ్ళీ కాఫీ కలపడానికి వెళ్ళింది.

ఆమె పాలు పొంగించే లోపల రామబ్రహ్మం ఆఖరి తప్పు చేశాడు. తనది చాదస్తం కాదనీ, శాస్త్రమనీ చూపించుకోవడానికి రిజిస్టరు తెచ్చి బావగారి చేతిలో పెట్టాడు. భుజంగరావు పేజీలు తిప్పాడు. మొదటి తరం: ఏడు పిల్లలు, అన్నీ గట్టివి, వరస కుదిరింది. రెండో తరం: అయిదు, వరస కుదిరింది. మూడో తరం: మూడు, ఒకటి గుడ్డిది, వరస కుదిరింది. ఆయన నవ్వు ఆగిపోయింది. ముక్కు వంకర పావురాన్ని చాలాసేపు చూశాడు.

"మనుషులకీ ఇంతేనా అమ్మా?" అని జెస్సీని అడిగాడు.

తాను పశువుల డాక్టర్ననీ, మనుషుల సంగతి మనుషుల డాక్టర్లే చెప్పాలనీ జెస్సీ అంది. మేనరికమైనంత మాత్రాన పిల్లలకు ఏదో అయి తీరుతుందని లేదనీ, విజయవాడలో ఇందుకు పరీక్షలు చేస్తారనీ, అక్కడివాళ్ళు చెప్పినదాన్ని బట్టి చేసుకోవచ్చనీ అంది. పావురాలకు నీళ్ళలో కలిపే మందు రాసిచ్చి, స్కూటర్ ఎక్కి వెళ్ళిపోయింది.

కిందికి వచ్చాక భుజంగరావు గొంతు మెత్తబడింది. ఆయన కోపంగా ఉన్నప్పుడే నయమనిపించింది.

"మీరు చెప్పిందే నిజం బావగారూ. పిల్లల బతుకులతో మనం ఆడుకోకూడదు."

"నేనేం చెప్పాను? అవి పావురాలండీ," అన్నాడు రామబ్రహ్మం. పొద్దుటి నుంచి ఆ మాటను నోట్లోనే దాచుకుని తిరిగిన మనిషి ఇప్పుడు పావురాలకూ మనుషులకూ పోలికే లేదని వాదించాల్సి వచ్చింది. వాటికి రెక్కలుంటాయన్నాడు. గుడ్లు పెడతాయన్నాడు. చివరికి, "నేనూ మీ చెల్లెలూ మేనరికమే కదా, మాకేమైంది?" అని అడిగాడు.

 అత్తయ్య డాబా మెట్ల వైపు ఒకసారి చూసింది.

భారం దిగిపోయిన మనిషికి నోరు తేలికవుతుంది. అత్తయ్య సుబ్బరత్నమ్మ పక్కకు జరిగి చెయ్యి పట్టుకుంది. "ఏమనుకోకు వదినా. బంటుమిల్లి సంబంధం వాళ్ళు ఆదివారం లోపు ఏ సంగతో చెప్పమంటున్నారు. మీకెలా చెప్పాలో తెలీక మీ అన్నయ్యకి వారం నుంచి నిద్రలేదు. ఆ డాక్టరమ్మ దేవతలా వచ్చింది."

సుబ్బరత్నమ్మ చేతిలోని లడ్డూల పళ్ళెం అలాగే ఉండిపోయింది. వాళ్ళు వచ్చింది ముహూర్తానికి కాదు, కాదని చెప్పడానికి. గంట క్రితం భుజంగరావుకు వచ్చిన కోపం సంబంధం పోతోందని కాదు. కాదనే మాట ఎదుటివాళ్ళు ముందు అనేశారని.

"తేజకి తెలుసా?" అంది సుబ్బరత్నమ్మ.

"వాడే వెళ్ళి అమ్మాయిని చూసొచ్చాడు," అన్నాడు భుజంగరావు, ఫ్యాను వైపు చూస్తూ.

రామబ్రహ్మం రిజిస్టరును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. దాన్ని తేకపోతే వాళ్ళు ఎలా చెప్పేవాళ్ళో ఊహించుకుంటున్నాడు. ఎలాగైనా చెప్పేవాళ్ళే. కానీ తన అక్షరాలతో, తన ఎర్ర సిరాతో చెప్పేవాళ్ళు కాదు.

భవిత కాఫీ పళ్ళెంతో వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నది. ఈ ఇంట్లో ఆమె పెళ్ళి గురించి పదేళ్ళుగా అందరూ మాట్లాడారు. ఆమె పళ్ళెం బల్ల మీద పెట్టి, ఒక్క తేజ వైపే చూస్తూ మాట్లాడింది.

"విజయవాడలో పరీక్ష చేయించుకుందాం బావా. వాళ్ళు వద్దంటే వద్దు. నాకు మాత్రం ఇష్టమే. ఎప్పటి నుంచో."

గదిలో అందరూ ఆమెను మొదటిసారి చూసినట్టు చూశారు. వాళ్ళమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. రామబ్రహ్మం ఒళ్ళోంచి రిజిస్టరు జారి కింద పడింది. దాన్ని తీయాలని ఆయనకు తోచలేదు.

తేజ తండ్రి వైపు చూశాడు. తర్వాత తన ఫోన్ వైపు చూశాడు. ఆ తర్వాత చూడటానికి ఏమీ మిగల్లేదు. లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళి, వంగి బూట్లు వేసుకున్నాడు. లేసులు నెమ్మదిగా ముడి వేసుకున్నాడు. మెట్లు దిగి, వీధిలోకి వెళ్ళిపోయాడు.

వెళ్తూ గేటు చప్పుడు కాకుండా వేశాడు. ఆ మాత్రం మర్యాద తెలిసిన పిల్లాడని సుబ్బరత్నమ్మ తర్వాత కూడా ఒప్పుకుంది.