పతనం పరిశీలనలో ఉంది

జారిపడటానికి ముందుగా అనుమతి తీసుకోనందువల్ల బొంతు సువార్తమ్మ సోమవారం ఉదయం పదకొండుంబావు నుంచి తాళ్ళమెరక పురపాలక కార్యాలయం మెట్ల మీద సగం పడి, అక్కడే ఆగిపోయి ఉంది. ఎడమ మడమ కింది నుంచి మూడో మెట్టు అంచుకి ఆనుకుని ఉంది. కుడికాలు గాలిలో ఉంది. నడుము వెనక్కి ఒరిగి, తల పై మెట్టుకి మూరన్నర ఎత్తులో నిలిచింది. చేతిలో ఆ పూటే తీసుకున్న కాగితం ఒకటి ఉంది. ఆవిడ బతికే ఉన్నట్టు కార్యాలయం ఇచ్చిన ధ్రువపత్రం అది.

ఆ మెట్లెక్కి దిగేవాళ్ళు చెంగులు, పంచెలు ఆవిడకి తగలకుండా ఒక పక్కగా నడిచారు. తాళ్ళమెరకలో ఇది కొత్త కాదు. డెబ్బై దాటినవారు పురపాలక పరిధిలో అనుమతి లేకుండా పడరాదని ఏడాదిన్నర కిందటే తీర్మానమైంది. అంతకు ముందు ముసలివాళ్ళు స్నానాలగదుల్లో, కల్లాపి జల్లిన వాకిళ్ళలో, రైతుబజారు మలుపులో విచ్చలవిడిగా పడుతూ ఉండేవారు. లెక్కలు పైకి పంపినప్పుడల్లా ఊరికి తలవంపులుగా ఉండేది. మెట్లకి కమ్మీలు పెట్టించాలని, ఒంటరిగా ఉన్నవాళ్ళకి తోడు మనుషుల్ని ఏర్పాటు చెయ్యాలని ఒక సభ్యురాలు ప్రతిపాదించింది. అసలు పడకుండా ఉంటే సరిపోతుంది కదా అని ఇంకో సభ్యుడు ప్రతిపాదించాడు. రెండోది పది నిమిషాల్లో ఆమోదం పొందింది. మర్నాటి నుంచి ఎవరూ పడలేదు. జారినవాళ్ళు జారినచోటే ఆగిపోయారు. కమిషనరు గారొక్కరే కొంచెం ఆశ్చర్యపోయారు. తీర్మానం అమలు కావడం ఆయన ఉద్యోగంలో అదే మొదటిసారి.

సువార్తమ్మకి డెబ్బై ఆరేళ్ళు. సర్కారు ఆస్పత్రి పురుళ్ళ వార్డులో ముప్పై నాలుగేళ్ళు ఆయాగా చేసింది. భర్త పోయినప్పటి నుంచి ఆడపడుచు రాహేలమ్మతో కలిసి రెండు గదుల అద్దె వాటాలో ఉంటోంది. రాహేలమ్మకి డెబ్బై రెండేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. దొరలకి లేసు అల్లి అల్లి చూపు పోగొట్టుకుంది. ఒకరికి మోకాళ్ళు సరిగా లేవు, ఇంకొకరికి కళ్ళు లేవు. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుంటే ఒక మనిషి నడిచినట్టుండేది. ఆ సోమవారం రాహేలమ్మకి జ్వరం వచ్చింది. అందుకని సువార్తమ్మ ఒక్కతే బయలుదేరింది.

మొదట ఇద్దరు బంట్రోతులు వచ్చి ఆవిడని చెరో రెక్కా పట్టుకుని లేపబోయారు. కదల్లేదు. అనుమతి లేని పతనం కదలదని వాళ్ళకి తెలుసు. అయినా మనసొప్పక ఒకసారి లాగి చూశారు. తర్వాత వృద్ధుల పతన నివారణ విభాగం సీనియర్ అసిస్టెంటు భీమశంకరం అట్ట కట్టిన కాగితాలు చంకలో పెట్టుకుని దిగివచ్చాడు.

"మామ్మగారూ, పడే ముందు దరఖాస్తు పెట్టుకోవాలని తెలీదాండీ?"

"తెలుసు బాబూ. జారతానని తెలీలేదు."

"అందరూ అదే అంటారండీ." ఆయన మెట్టు మీద గొంతుక్కూర్చుని కలం తీశాడు. "సర్లెండి, ఇప్పుడు పెట్టుకుందాం. ఆలస్యానికి కారణం అని ఒక గడి ఉంది. అందులో రాసేస్తాను."

"పడ్డానికొద్దు నాయనా. లేచి నిలబడ్డానికి పెట్టు."

భీమశంకరం కాసేపు నిజంగానే ఆలోచించాడు. "దానికి ఫారం లేదండీ. మొదలెట్టేశారు కాబట్టి పడ్డానికే ఇవ్వగలం."

పడబోవు స్థలం, పడబోవు పక్క, పూర్వానుభవం. ఒక్కొక్కటే అడిగి రాసుకున్నాడు. విరగబోవు ఎముక అన్న చోట ఆగాడు.

"ఏది రాయమంటారండీ?"

"నువ్వే చూసి ఏదోటి రాసెయ్యి."

"తుంటి రాద్దామండీ. అది తొందరగా పాసవుద్ది."

వేలిముద్ర వేయించుకుని, బతికున్నట్టు ధ్రువపత్రాన్ని జతపరిచి, మధ్యాహ్నానికి ఫైలుకి నంబరు వేశాడు.

నంబరు పడ్డాక పరిస్థితి మారింది. అంతవరకు సువార్తమ్మ ఊళ్ళో ఉన్న ఏడు వేల మంది ముసలివాళ్ళలో ఒకతె. ఇప్పుడు పరిశీలనలో ఉన్న అంశం. అంశానికి ఏదైనా జరిగితే కార్యాలయం సంజాయిషీ చెప్పుకోవాలి. మూడు గంటలకల్లా మెట్ల మీద షామియానా వేశారు. పొద్దునా సాయంత్రం బీపీ చూడటానికి నాగవేణి అనే నర్సుని నియమించారు. క్యాంటీను నుంచి ఒకామె వచ్చి ఉప్మా, పెరుగన్నం నోటికందించేది. మిగతా అవసరాలకి నాలుగు పక్కలా తెర కట్టి, ఇద్దరు ఆడమనుషుల్ని పెట్టారు. ముప్పై నాలుగేళ్ళు తను పరాయివాళ్ళకి చేసిన పనిని పరాయివాళ్ళు తనకి చేస్తుంటే సువార్తమ్మ మొదటిరోజు సిగ్గుతో కళ్ళు మూసుకుంది. రెండోరోజు కళ్ళు తెరిచి, "నీళ్ళు ఇంకాస్త వెచ్చగా ఉండాలమ్మా" అంది. మూడోరోజు వాళ్ళిద్దరికీ తడిగుడ్డ ఎలా పిండాలో నేర్పింది.

బుధవారానికి జ్వరం తగ్గి రాహేలమ్మ వచ్చింది. పక్కవాటా ఆవిడ ఆటో ఎక్కించి పంపింది. మెట్ల దగ్గర చేతులు చాచి తడుముకుంటూ వదిన కాలు, నడుము, మెడ పట్టి చూసింది. మెడ కింద ఏమీ తగల్లేదు.

"ఇదేంటొదినా, ఇలా ఒరిగిపోయావు? నొప్పిగా ఉందా?"

"లేదే. నిజం చెప్తున్నాను, మోకాళ్ళ మీద బరువు లేక ప్రాణం ఎంత సుఖంగా ఉందో. జెండూబాం ఊసే లేదు."

"ఇంటికెప్పుడొస్తావు?"

"పడ్డాక."

రాహేలమ్మ మెట్టు మీద కూర్చుని విసనకర్రతో విసరడం మొదలుపెట్టింది. గాలి సువార్తమ్మకి కాకుండా పక్కనున్న షామియానా రాటకి తగులుతోంది. సువార్తమ్మ ఆ సంగతి చెప్పలేదు.

రోజులు బాగానే గడిచాయి. ఇంటిపన్ను కట్టడానికి వచ్చిన ఆడవాళ్ళు ఆవిడని గుర్తుపట్టి ఆగేవారు. "నా కడుపున పెద్దాడు పుట్టినప్పుడు నువ్వే కదమ్మా కాళ్ళు పట్టుకుంది" అనేది ఒకతె. సువార్తమ్మ తల కిందికి వాలి ఉండటం వల్ల వాళ్ళ ముఖాలు తలకిందులుగా కనిపించేవి. అయినా ఎవరికి కవలలో, ఎవరికి మూడు రోజులు నొప్పులొచ్చాయో తడుముకోకుండా చెప్పేది. పనిలోంచి దిగిపోయాక పదహారేళ్ళలో అంతమంది ఆవిడతో మాట్లాడటానికి ఆగలేదు.

రాహేలమ్మ రోజులు మాత్రం అలా లేవు. ఇంట్లో పొయ్యి ఎటు తిరిగి ఉందో చెప్పేవాళ్ళు లేక చెయ్యి కాల్చుకుంది. పంచదార అనుకుని కాఫీలో ఉప్పు వేసుకుని, పారబొయ్యడం ఇష్టంలేక తాగేసింది. ఒకరోజు భీమశంకరం మెట్లు దిగుతుంటే అడుగుల చప్పుడు పోల్చుకుని పిలిచింది.

"బాబూ, నాక్కూడా కాస్త అన్నం వండిపెట్టే మనిషి దొరుకుద్దా?"

"మీరు జారారాండీ?"

"లేదు నాయనా, జాగ్రత్తగానే ఉంటున్నాను."

"మరెలాగండీ?" అన్నాడు భీమశంకరం. ఆయన గొంతులో వెటకారం లేదు. నిజంగానే ఆయనకి దారి తోచలేదు. ఆమె కాలిన చేతిని చూసి, జేబులోంచి రుమాలు తీసి కట్టుకోమని ఇచ్చి వెళ్ళిపోయాడు.

మూడో వారం చివర ఉత్తర్వు వచ్చింది. భీమశంకరం దాన్ని చదవడం గట్టిగా మొదలుపెట్టి, చివరికొచ్చేసరికి గొంతు తగ్గించేశాడు. గురువారం ఉదయం పదకొండు, పన్నెండు గంటల మధ్య పడుటకు అనుమతించడమైనది. ఎడమ తుంటి ఎముక ఒక్కటే. ఇతర ఎముకలు విరిగినచో వేరే దరఖాస్తు.

బుధవారం రాహేలమ్మ ఇంట్లోని బూరుగుదూది పరుపు ఆటోలో వేయించుకొచ్చి మెట్ల మీద పరిపించింది. భీమశంకరం పరుగున వచ్చాడు.

"ఇది కుదరదండీ. పరుపు మీద పడితే అది పతనం కాదు, పడక. పడక మా విభాగం కాదండీ."

"మరి ఎవరిదయ్యా?"

"ఆ విభాగం ఇంకా పెట్టలేదండీ."

పరుపు చుట్ట చుట్టి షామియానా వెనక పెట్టించాడు. వెళ్తూ వెళ్తూ సువార్తమ్మ తల కింద ఉన్న మెట్టుని అరచేత్తో ఒకసారి నిమిరి చూశాడు. రాయి గరుగ్గా ఉంది.

గురువారం పదకొండయ్యేసరికి అందరూ చేరారు. నాగవేణి కట్టు గుడ్డలు తెచ్చింది. క్యాంటీనామె పని మానుకుని నిలబడింది. నియమం ప్రకారం ఇద్దరు సాక్షుల్ని కుర్చీల్లో కూర్చోబెట్టారు. లోపల గోడగడియారం కొట్టడం ఆగిందో లేదో, మూడు వారాలుగా కదలని మడమ చిన్నగా జారింది. తుంటి విరిగిన వాళ్ళని సువార్తమ్మ వార్డుల్లో చూసింది. మంచం మీద నుంచి మళ్ళీ లేచినవాళ్ళు ఆవిడకి గుర్తు లేరు. వీపు ఒక జానెడు కిందికి దిగింది.

"బాబూ! ఇది అనుమతా, ఆజ్ఞా?"

"అనుమతేనండీ!"

"అయితే నాకొద్దు! ఒద్దని రాయి! ముందు రాయి నాయనా!"

భీమశంకరం ఫైలుని మోకాలి మీద పెట్టుకుని, మూత తీస్తుంటే కలం జారిపోతే సాక్షి జేబులోది లాక్కుని, "దరఖాస్తుదారు అనుమతిని వినియోగించుకొనుటకు సుముఖంగా లేరు. పునఃపరిశీలనార్థం" అని రాసి సంతకం పెట్టాడు. పేరు చివరి సున్నా పెట్టేసరికి సువార్తమ్మ ఆగిపోయింది. తల మెట్టుకి జానెడు ఎత్తులో ఉంది. రాహేలమ్మ ఏం జరిగిందో తెలియక, "పడిందా? పడిందా?" అని అందరినీ అడుగుతోంది.

"పడలేదే," అంది సువార్తమ్మ రొప్పుతూ. "ఇక్కడే ఉన్నాను."

"మళ్ళీ తేలడానికి మూడు నెలలు పట్టుద్దండీ," అన్నాడు భీమశంకరం.

"నిదానంగానే చూడమను. తొందరేం లేదు."

ఆయన చొక్కాతో ముఖం తుడుచుకున్నాడు. ఆ సాయంత్రం ఆయనే స్వయంగా టీ తెచ్చి ఆవిడకి తాగించాడు. కిందికి దిగడం వల్ల ఇప్పుడు మెట్టు మీద కూర్చుంటే చెయ్యెత్తకుండా అందుతోందని ఇద్దరూ ఒప్పుకున్నారు.

తర్వాతి సోమవారం రాహేలమ్మ కార్యాలయం తెరవకముందే వచ్చింది. తలకి నూనె రాసుకుంది. ప్రార్థనకి కట్టే తెల్లచీర కట్టుకుంది. చేతిలో చిన్న సంచి ఉంది.

"ఒదినా, నువ్వు జారిన ఆ పాచి ఎక్కడుంది?"

సువార్తమ్మ ఆవిడ చాచిన చేతుల వంక చూసింది. ఆడపడుచు చేతి మీద కొత్త బొబ్బ ఉంది. బొబ్బ కింద పాతది ఇంకా మానలేదు. ముప్పై ఏళ్ళుగా గుంటలున్న చోట పక్కకి, రాళ్ళున్న చోట మెల్లగా అని ఆ మనిషికి దారి చెప్పింది తనే.

"మూడో మెట్టు," అంది చివరికి. "నా కాలికి కుడిపక్క. చెప్పులు విప్పి నడువు. ఇంకో అడుగు. ఇంకాస్త ఇటు."

రాహేలమ్మ పాదం పాచి మీద పెట్టింది. జారింది. చీర కుచ్చిళ్ళు గాలిలో విచ్చుకుని అలాగే నిలిచిపోయాయి. సంచి మాత్రం దొర్లుకుంటూ కింది దాకా వెళ్ళింది. సంచికి డెబ్బై నిండలేదు.

"ఏమే, బానే ఉందా?"

"తేలిగ్గా ఉందొదినా," అంది రాహేలమ్మ ఆశ్చర్యంగా.

పది గంటలకి భీమశంకరం వచ్చి చూశాడు. ఏమీ అడగలేదు. ఎముక గడిలో తుంటి అని తనే రాసి, కొత్త నంబరు వేశాడు. క్యాంటీనుకి ఇంకో ప్లేటు చెప్పాడు. తర్వాత నాగవేణి వచ్చి రాహేలమ్మ చేతి బొబ్బకి మందు రాసి, బీపీ పట్టీ చుట్టి, వివరాలు అడిగింది.

"ఇంటి దగ్గర ఎవరున్నారండీ?"

"ఎవరూ లేరమ్మా. అందరం ఇక్కడే ఉన్నాం. తాళం వేసి వచ్చాను."

నాగవేణి అది రాసుకుంది. పట్టీ విప్పి చుట్ట చుడుతూ కాసేపు మెట్ల వంక చూసింది.

"మా అమ్మని రోజూ బయట గొళ్ళెం పెట్టి వస్తున్నానండీ," అంది మెల్లగా. "నేను లేనప్పుడు ఎక్కడ పడిపోద్దో అని. డెబ్బై నిండడానికి ఇంకా నాలుగు నెలలుంది."

"నిండగానే తీసుకురామ్మా," అంది రాహేలమ్మ.

సువార్తమ్మ కళ్ళు పైకెత్తి, తలకిందులుగా కనిపిస్తున్న మెట్లని ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

"పైన ఇంకా ఆరున్నాయి," అంది. "కాస్త నీళ్ళు పోస్తూ ఉంటే పాచి అదే పడుతుంది."