సూరన్న దుఃఖానికి వైద్యం

ఒక పెద్ద అడవిలో మనసు బాగోలేని జంతువుల కోసం ఆసుపత్రి కట్టారు. గుమ్మానికి 'మనసు విప్పండి' అని బోర్డు తగిలించారు. విప్పితే ఏమవుతుందో మాత్రం రాయలేదు.

ఆ అడవి వాగు ఒడ్డున సూరన్న అనే మగకొంగ ఉండేవాడు. ముత్యాలు అనే మరో మగకొంగతో ఏళ్ల తరబడి కాపురం చేశాడు. ఒకనాడు ముత్యాలు వేటగాడి వలలో పడి చనిపోయాడు. సూరన్న తిండి మానేశాడు.

ఎవరింట చావైనా పలకరించడానికి పరిగెత్తే జంతువులు అతని గూటివైపు రాలేదు. "పోయింది పెళ్లామైతే వెళ్లేవాళ్లం. ఇప్పుడేమని ఓదారుస్తాం?" అన్నాయి.

ఎముకలు తేలాక సూరన్న ఆసుపత్రికి వెళ్లాడు.

"ఏమిటి బాధ?" అంది చీటీలు రాసే రామచిలుక.

"నా తోడు పోయాడు."

"పోయాడా, పోయిందా?"

"పోయాడు" అన్నాడు సూరన్న గొంతు తగ్గించి.

"మగకొంగకి మగతోడట!" అని చిలుక ఆసుపత్రంతా వినబడేలా అరిచింది. ఒళ్లంతా బురదతో కూర్చున్న అడవిపంది, ఎక్కడ అంటుకుంటుందోనని దూరం జరిగింది.

లోపల డాక్టర్ భూషణం ఉన్నాడు. కొండముచ్చు. పుట్టుకతోనే నల్లటి గంభీరమైన మొహం.

"తిండి సయించడం లేదు డాక్టరుగారూ. కళ్లు మూస్తే ఆ వలే కనిపిస్తోంది" అన్నాడు సూరన్న.

"అది తర్వాత చూద్దాం. ఈ మగవాళ్ల పిచ్చి ఎప్పటినుంచి?"

"నా బాధ అది కాదండీ. ముత్యాలు లేడన్నదే నా బాధ."

"నీ జబ్బేదో చెప్పాల్సింది నేను. మంచి ఆడకొంగని చూసి పెళ్లి చేసుకో, అన్నీ సర్దుకుంటాయి."

"ఆవిడకి పట్టుకునే దుఃఖానికి వైద్యం ఎవరు చేస్తారండీ?"

డాక్టరు చీటీ మీద 'ఎదురు మాట్లాడుట' అని మరో లక్షణం చేర్చాడు.

కొత్త జబ్బు కనిపెట్టినవారికి రాజుగారు 'వనవైద్యరత్న' బిరుదు ఇస్తారు. భూషణానికి దానిమీద ఎప్పటినుంచో కన్నుంది. సభ పెట్టించి, సూరన్నని అందరి ముందూ నిలబెట్టాడు. ఎత్తైన బండమీద మృగరాజు, ఆయన్ని ఒరుసుకుని సేనాపతి కూర్చున్నారు. సేనాపతీ మగసింహమే.

"మహాప్రభూ, ఇది ఘోరమైన వ్యాధి! రోగి ఆడతోడు వెతుక్కోడు. మరో మగవాడితోనే ఏళ్లకేళ్లు గడుపుతాడు. వాడు కనబడకపోతే ముద్ద మింగడు..."

అప్పుడు సేనాపతి రాజుగారి జూలులోంచి పల్లేరుకాయలు ఏరుతున్నాడు.

ఒక్కొక్క తలా మెల్లగా బండవైపు తిరిగింది. "నిరుడు సేనాపతివారు సరిహద్దుకి వెళ్తే రాజుగారు వారంపాటు ఏమీ తినలేదు. మేం బతికిపోయాం" అని ఓ జింక గొణిగింది.

"భూషణం," అన్నాడు మృగరాజు, "మేమూ రోగులమేనా?"

డాక్టరు చెంపలు వేసుకున్నాడు. "రామ రామ! జూలున్నవారిలో దీన్ని స్నేహం అంటారు ప్రభూ! రెక్కలున్నవారిలోనే జబ్బు."

కాదని రాజు ఒక్క మాట అంటే చాలు, అడవి మారిపోయేది. మృగరాజు గొంతు సవరించుకుని, "అలాగే శాసనం చేయండి" అన్నాడు.

సేనాపతి పంజా ఆగిపోయింది. రాజు మొహంలోకి చూశాడు. రాజు చూపు తిప్పుకున్నాడు. సేనాపతి బండ దిగి వచ్చి సూరన్న పక్కన కూర్చున్నాడు.

"పోయినాయన పేరేమిటి?"

ఆసుపత్రిలోగానీ సభలోగానీ ఆ మాట అడిగినవాడు లేడు.

"ముత్యాలండీ."

"ఎలాంటివాడు?"

సూరన్న చెప్పసాగాడు. ముత్యాలు ఒంటికాలిమీద కునుకు తీస్తూ వాగులో పడిపోయేవాడట. చెబుతూ నవ్వాడు. ఆ నవ్వులోనే భోరుమన్నాడు. సభ చెదిరిపోయినా సేనాపతి కదల్లేదు. మర్నాడు సూరన్న ఓ చేపపిల్లని మింగాడు.

రాజుగారు ఆ సాయంత్రం ఒక్కరే గుహకి నడిచారు. లేడిమాంసం ముట్టలేదు. దాన్ని ఉపవాసదీక్షగా ప్రకటించారు.

శాసనం వచ్చాక రెక్కలున్నవాళ్లు ఆసుపత్రి మానేశారు. తమ వంతు ఎప్పుడొస్తుందోనని నాలుగుకాళ్లవాళ్లూ మానేశారు. బిరుదు రాని భూషణం ఖాళీ గదిలో ఈగలు తోలుకుంటూ, 'మా వైద్యంతో కొంగకి నయమైంది' అని కొత్త బోర్డు రాయించాడు.

నీతి: జబ్బేదో తేల్చేది లక్షణాలు కాదు, జూలు.