పన్నెండో సంతకం

ఆ సోమవారం దాకా టైలరు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఆరు గంటల పది నిమిషాలకు మూడో స్టాపులో పదకొండో నంబరు బస్సెక్కాలి. డ్రైవరు తలపైన ఉన్న అద్దంలో కనబడే సీటులో కూర్చోవాలి. సాయంత్రం దాకా దిగకూడదు. మధ్యాహ్నం ఆసుపత్రి వెనకగేటు దగ్గర బస్సు ఇరవై నిమిషాలు ఆగినప్పుడు, అందరూ దిగిపోయాక, డ్రైవరుతో కలిసి డబ్బాలో తెచ్చుకున్న అన్నం తినాలి. ఆ డ్రైవరు ఆయన భార్య.

పెళ్లై మూడేళ్లయింది. ఆవిడ ఈ పరాయి దేశంలో బస్సు నడిపేది, ఆయన సొంతూళ్లో మిషను తొక్కేవాడు. మూడేళ్లలో ఇద్దరూ ఒక కప్పు కింద ఉన్న రోజులన్నీ కలిపినా రెండు నెలలకు మించవు. ఇప్పుడు మూడు నెలల అనుమతి మీద భార్యను చూసిపోదామని వచ్చిన మనిషి, పోవడానికి కాళ్లు రాక, ఆవిడ భర్తగా ఇక్కడే శాశ్వతంగా ఉండనివ్వండని దరఖాస్తు పెట్టుకున్నాడు. శుక్రవారం ఇంటర్వ్యూ. ఆదివారంతో గడువు సరి. వీళ్లు నిజంగా ఆలుమగలే అని అధికారి నమ్మితే గండం గట్టెక్కినట్టే. నమ్మకపోతే పెట్టె సర్దుకుని వెళ్లి, పిలుపు వచ్చేదాకా రెండేళ్లో మూడేళ్లో ఎదురుచూడాలి.

"కలిసి కాపురం చేస్తున్నట్టు రుజువులు తెమ్మన్నారు. మన దగ్గరేమున్నాయండీ?" అంది భార్య, ముందురోజు ఫైలు ఒళ్లో పెట్టుకుని.

"పెళ్లి ఫొటోలు నాలుగున్నాయిగా!"

"రెండింట్లో మీరు కళ్లు మూసుకున్నారు. మూడోదాంట్లో తుమ్ముతున్నారు."

"నాలుగోదాంట్లో?"

"అందులో మీరు లేరు. చెప్పులు వెతుక్కోడానికి వెళ్లారు."

ఇంట్లో కూర్చుందామంటే పక్కగదిలో అద్దెకున్న నర్సు రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలంతా పడుకుంటుంది. కుక్కరు కూతేస్తే గోడ మీద గుద్దుతుంది. భార్యేమో చీకటితో వెళ్లి చీకటి పడ్డాక వస్తుంది. ఇంత దూరం వచ్చి గోడ ముఖం చూడడమెందుకని టైలరు బస్సు పాస్ తీసుకున్నాడు. "పదకొండో నంబరు బస్సా! మా అక్క వింటే నన్ను రోజంతా నడిపిస్తున్నావనుకుంటుంది" అని మొదటిరోజు తనే నవ్వుకున్నాడు కూడా.

చిక్కల్లా డిపో రూలుతో వచ్చింది. డ్రైవరు తాలూకు మనుషులు డ్యూటీ బస్సులో కూర్చోకూడదు. ఒక డ్రైవరావిడ అత్తగారితో మాట్లాడుతూ రెండు స్టాపులు దాటించేసినప్పటి నుంచీ ఆ రూలు మరీ గట్టిపడింది.

"బస్సులో మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. ఎవరడిగినా అదే మాట. నా ఉద్యోగం కాగితం చూపించే కదా మీ దరఖాస్తు పెట్టాం. అది ఊడితే ఇదీ ఊడుతుంది" అని భార్య హెచ్చరించింది.

ఫోనులో అక్క కూడా తన వంతు బోధ చేసింది. "ఒరేయ్ తమ్ముడూ, పరాయి దేశం. ఎవరేమన్నా వాదన పెట్టుకోకు. నవ్వుతూ సరే అను, ఊరుకో." ఆ దేశపు భాషలో టైలరుకు వచ్చినవి ఎలాగూ మూడే మాటలు: నమస్కారం, సరే, చాలా సంతోషం.

రెండు వారాలు బండి సాఫీగానే నడిచింది. ఆ సోమవారం మాత్రం భార్య యూనిఫారం కోటుకు భుజం దగ్గర కుట్టు ఊడింది. పొద్దుటి నుంచి అద్దంలో ఆ ఊడిన కుట్టే కనబడుతుంటే టైలరుకు పంటి కింద రాయి పడ్డట్టుగా ఉంది. వెనకగేటు దగ్గర బస్సు ఖాళీ కాగానే జేబులోంచి సూదీ దారం తీశాడు.

"కోటు విప్పు."

"డ్యూటీలో విప్పకూడదండీ."

"అయితే ఒంటి మీదే కుట్టేస్తా. కదలకు."

ఆవిడ కదిలింది. సూది గుచ్చుకుని "అబ్బా!" అంది. "అయిపోయింది, అయిపోయింది" అంటూ ఆయన ముడేసి, కత్తెర లేకపోవడంతో వంగి, దారం పంటితో కొరికాడు. సరిగ్గా ఆ క్షణాన ముందు తలుపు తెరుచుకుంది.

లోపలికొచ్చింది గొడుగు మామ్మ. ఒకప్పుడు బడిలో పెద్ద పంతులమ్మ. ఆసుపత్రిలో ఉన్న చెల్లెల్ని చూడడానికి రోజూ అదే బస్సులో వస్తుంది. వాన ఉన్నా లేకున్నా చేతిలో గొడుగుండాల్సిందే. ఆవేళ దాన్ని సీటు మీద మరిచిపోయి వెనక్కి వచ్చింది. వచ్చేసరికి ఆవిడకు కనబడిందేమిటి? డ్రైవరు నొప్పితో అరుస్తోంది, ఒక మగమనిషి పళ్లు ఆవిడ మెడ దగ్గరున్నాయి.

"ఎవరయ్యా నువ్వు? ఈ అమ్మాయి నీకు తెలుసా?" అని గద్దించింది మామ్మ తన భాషలో.

టైలరు ఉలిక్కిపడి, అక్క మాట గుర్తు తెచ్చుకుని, నవ్వాడు. "సరే" అన్నాడు.

"సరేనా? సిగ్గు లేదూ?"

"చాలా సంతోషం."

మామ్మ గొడుగు అందుకుంది. "ఏం లేదండీ, కుట్టు ఊడితే..." అని నీళ్లు నమిలింది భార్య. రూలు గుర్తొచ్చి మిగతాది మింగేసింది. ఆ మింగడమే కొంప ముంచింది. నలభై ఏళ్లు పిల్లల ముఖాలు చదివిన మామ్మకు అది పచ్చి భయంలా కనబడింది. "నువ్వేం చెప్పక్కర్లేదు తల్లీ. నేను చూసుకుంటా" అంది.

ఆ సాయంత్రం భార్య, "రేపట్నుంచి రావద్దండీ" అంది.

"మనకి గట్టిగా ఉన్నది ఆరు రోజులే. ఆ తరవాత ఏమవుతుందో ఎవరికి తెలుసు? అందులో ఒకటి గోడకి అప్పగించమంటావా?"

ఆవిడ మర్నాటి డబ్బా కడిగి బోర్లించింది.

మంగళవారం మామ్మ వచ్చి టైలరు పక్కనే కూర్చుంది, నోటుపుస్తకంతో సహా. వెనక సీట్లో మామ్మ కూడగట్టుకొచ్చిన బేకరీ యజమాని, ఎదుటి సీట్లో ఇద్దరు గుమాస్తాలు. టైలరు మెడ తిప్పితే నలుగురూ తిప్పారు. ఆయన దగ్గితే మామ్మ టైము చూసి రాసుకుంది. పాపం, టైలరు మురిసిపోయాడు. "మొదట్లో ముభావంగా ఉన్నారు గానీ మంచి మనుషులే. పెద్దావిడ నా పక్కనే కూర్చుంది తెలుసా? ఏదో రాసుకుంటుంది. కవిత్వం కాబోలు" అని ఇంటికెళ్లాక భార్యతో చెప్పాడు.

బుధవారం బస్సులో ఒక కాగితం చేతులు మారింది. ఒకరు చదివి సంతకం పెట్టి ఇంకొకరికి ఇస్తున్నారు. పదకొండుమంది పెట్టాక అది పొరపాటున టైలరు చేతికొచ్చింది. బస్సంతా బిగుసుకుపోయింది. ఆయన అటూ ఇటూ చూశాడు. ఎవరి పెళ్లి శుభాకాంక్షలో, ఏ స్టాపుకు నీడ కావాలనో అనుకుని, "చాలా సంతోషం" అంటూ కింద పొందిగ్గా సంతకం గీసి మామ్మకు అందించాడు. ఇంత బరితెగించిన వాణ్ని మామ్మ జన్మలో చూసి ఉండదు.

గురువారం డిపో మేనేజరు భార్యను గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు, మంచినీళ్లిచ్చాడు. అంత మర్యాద జరిగేసరికే తన ఉద్యోగం ఊడిందనే ఆవిడ అనుకుంది.

"మీ బస్సులో ఒకడు మీ వెంట పడుతున్నాడటగా. మీరు భయంతో చెప్పలేకపోతున్నారని పన్నెండుమంది రాశారు. నాకు చెప్పండమ్మా."

ఇక దాచి లాభం లేదనుకుంది. "ఆయన మా ఆయనండీ."

మేనేజరు జాలిగా చూశాడు. రిజిస్టరు తిప్పాడు. ఉద్యోగంలో చేరిన రోజున 'అవివాహిత' అని రాసిన మాట అందులో చెక్కు చెదరకుండా ఉంది. పెళ్లయ్యాక దాన్ని మార్పించాలని ఆవిడ మూడేళ్లుగా ప్రతి నెలా అనుకుంటూనే ఉంది.

"అలా చెప్పమని మిమ్మల్ని బెదిరించాడు కదూ?"

"అయ్యో కాదండీ! మూడేళ్ల కిందటే పెళ్లైంది. ఫొటోలు కూడా ఉన్నాయి!" అంటూ సెల్లులో ఆవిడ గబగబా తీసి చూపించింది చెప్పుల ఫొటో.

మేనేజరు అందులో పెళ్లికొడుకు కోసం చాలాసేపు వెతికాడు. ఆ తరవాత ఆ మనిషి డిపో బస్సుల దగ్గరికి రాకూడదని ఉత్తర్వు రాశాడు. చేసే పని సగంలో వదిలే రకం కాదు కాబట్టి, ఆ మనిషి విజిటరని తెలిసి, ఉత్తర్వూ ఫిర్యాదూ రెండూ వలసల ఆఫీసుకు కూడా పంపించాడు.

శుక్రవారం ఇంటర్వ్యూ గదిలో అధికారి ముందు రెండు ఫైళ్లున్నాయి. ఒకదాంట్లో వీళ్లు ఆలుమగలు. రెండోదాంట్లో ఆయన నుంచి ఆవిడను కాపాడాలి. పక్కన దుబాసీ కూర్చున్నాడు. అధికారి కళ్లద్దాలు తుడుచుకుని టైలరు వైపు తిరిగాడు.

"ఈవిడ మీకు ఏమవుతుంది?"

దుబాసీ తెలుగులో అడిగాడు. టైలరు భార్య కేసి చూశాడు. భార్య నేల చూపులు చూస్తోంది. ఆవిడ వైపు వంగి గుసగుసగా అడిగాడు. "ఇక్కడ చెప్పొచ్చా?"

దుబాసీ విధి తప్పనివాడు, అది కూడా తర్జుమా చేశాడు.

"చెప్పండి! ఇక్కడా చెప్పకపోతే ఇంకెక్కడ చెబుతారు?" అంది భార్య.

"నా భార్యండీ" అన్నాడు టైలరు. మూడు వారాలుగా నోట్లో దాచుకున్న మాట కాబట్టి కాస్త గట్టిగానే వచ్చింది.

అధికారి ఫిర్యాదు తీసి పైకి చదవడం మొదలుపెట్టాడు. దుబాసీ వాక్యం వాక్యం తెలుగు చేస్తూ వచ్చాడు.

"ఇతడు కిటికీలోంచి చూడడు. అద్దంలోకే చూస్తాడు. డ్రైవరు బ్రేకు వేసినప్పుడల్లా ఇతని కుడికాలు కూడా నేలను తొక్కుతుంది. బేకరీ యజమాని రెండు రోజులు గమనించి ధ్రువపరిచారు."

భార్య తలెత్తింది. "మీరు బ్రేకు తొక్కుతారా?"

"నీకు సాయంగా ఉంటుందనీ..."

"వంతెన మలుపు దగ్గర కళ్లు మూసుకుని ఏదో గొణుగుతాడు. దాటాక ఊపిరి వదులుతాడు. క్షుద్ర విద్య కావచ్చు. వెనకగేటు దగ్గర బయటి నుంచి చూస్తే, నీళ్లసీసా మూత ముందే వదులు చేసి ఇస్తాడు. ఆమె మణికట్టు నొప్పి సంగతి ఇతనికెలా తెలుసన్నది ఆందోళనకరం. డబ్బాలో ముక్కలన్నీ ఆమె వైపు తోసి తను ఉత్త అన్నం తింటాడు. మందు కలిపి ఉండవచ్చు. ఒక ప్రయాణికుడు డ్రైవరు మీద కేకలేస్తే ఇతడు లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు. ఆ తరవాత నాలుగు స్టాపుల దాకా పిడికిళ్లు విప్పలేదు."

వీటిలో చాలావాటిని భార్య గమనించనే లేదు. అద్దంలో ఆవిడకు కనబడేది ఆయన ముఖంలో సగమే. ఆ సగం ఎప్పుడూ నవ్వుతూనే ఉండేది. ఆవిడ కోటు చేత్తో కళ్లు తుడుచుకుంటుంటే టైలరు కంగారుపడి, "అటు తుడవకు, అటువైపు కుట్టు కొత్తది" అన్నాడు.

అధికారి కాగితం బల్ల మీద పెట్టాడు. "ఒక్క సందేహం. ఈ పన్నెండో సంతకమూ దరఖాస్తు మీద మీ సంతకమూ ఒకేలా ఉన్నాయేమిటి?"

"నాదేనండీ. అందరూ పెడుతున్నారు, నేనొక్కణ్నే పెట్టకపోతే బాగుండదని."

దుబాసీకి మొదటిసారి మాట తడబడింది. అధికారి కళ్లద్దాలు మళ్లీ తీసి, ఈసారి చాలాసేపు తుడుచుకున్నాడు.

ఫిర్యాదు ఇక్కడికి చేరిందని మేనేజరు చెప్పగా వచ్చి, సాక్ష్యం చెబుదామని పొద్దుటి నుంచి వరండాలో కాచుకు కూర్చున్న గొడుగు మామ్మను లోపలికి పిలిచి, సంగతి చెప్పారు. మామ్మ మొదట నమ్మలేదు. భార్య భుజం దగ్గరికెళ్లి కుట్టు పట్టి చూసింది. నోటుపుస్తకం తెరిచి రెండు పేజీలు మనసులో చదువుకుంది. చదువుతున్నకొద్దీ ఆవిడ ముఖం మెత్తబడింది.

"మొగుణ్నని ఒక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోయింది అబ్బాయ్?" అంది.

టైలరు నవ్వాడు. "సరే" అన్నాడు.

మామ్మ గొడుగుతో ఆయన మోకాలి మీద ఒక్కటిచ్చి, అధికారి వైపు తిరిగింది. "నేను రాసిన ప్రతి అక్షరం నిజం. అర్థం చేసుకోవడమే తప్పు. ఏ బడిలోనైనా జరిగేదే. నా సంతకం అలాగే ఉంచండి."

"ఉంచుతానమ్మా" అన్నాడు అధికారి. "ఇక్కడికి పెళ్లికి సాక్షులుగా స్నేహితులొస్తారు, చుట్టాలొస్తారు. వాళ్ల మాట కొంత తగ్గించి నమ్ముతాను. మొగుణ్ని పట్టుకు పొమ్మని పదకొండుమంది సాక్ష్యం రాసివ్వడం ఇదే మొదటిసారి." ఆదివారం దాటినా ఉండవచ్చని ఆ పూటే ముద్ర కొట్టాడు.

శాశ్వత నివాసానికి అనుమతి మూడు వారాల్లో ఇంటికి వచ్చింది. టైలరు మళ్లీ భార్య నడిపే బస్సెక్కేందుకు డిపో వాళ్ల అనుమతి రావడానికి మాత్రం ఇంకో ఐదు నెలలు పట్టింది.