ముందో ముక్క, వెనకో తోక, మధ్యలో మా లిఫ్టు

లిఫ్టు బాగుచేయడానికి మెకానిక్కు కావాలని ఎవరన్నారు? ఇంగ్లీషు మాటకు ముందో ముక్క, వెనకో తోక తగిలిస్తే చాలు! నమ్మకపోతే అమీర్‌పేటలో మా అపార్ట్‌మెంటుకు వచ్చి చూడండి. ఉగాది ముందు ఆగిన లిఫ్టు ఎన్ని అవతారాలెత్తిందో!

మొదటి నోటీసులో "వర్కింగ్" ముందు "నాన్" వచ్చి కూర్చుంది. ఆ తర్వాత "రిపేర్"కు తోక మొలిచి "రిపేరబుల్" అయింది. మా కోడలు సుమశ్రీ ఫోన్లో చదివి చెబుతుంటే నాకు ఒళ్ళు పులకరించింది. రిపేరు చేయొచ్చట! చేయొచ్చంటే సగం చేసినట్టే కదా? తర్వాత "ఇన్‌స్పెక్షన్" అన్నారు. దానికి ముందు "ప్రీ-ఇన్‌స్పెక్షన్", వెనకాలే "రీ-ఇన్‌స్పెక్షన్". మనిషన్నవాడు ఒక్కడూ రాలేదు గానీ, పని ఎంత జరిగిందో చూడండి!

మా కాలంలో ఏముంది? బావి గిలక విరిగితే "గిలక విరిగింది" అనేవాళ్ళం. పొద్దుగూకేలోపు ఎవరో ఒకరు బాగుచేసేవారు. మాటా అయిపోయేది, పనీ అయిపోయేది. ఎంత పేద బతుకు!

ఈ ముక్కల పుణ్యాన నా మోకాళ్ళు సుత సుఖపడ్డాయి. ఐదో అంతస్తు దిగే పనే లేదు. ఇదివరకు సాయంత్రమైతే కింద ఇస్త్రీ బండి పక్క బెంచీ మీద, రోడ్డు అవతల ఎదురింటి ఛాయాదేవి గారితో ముచ్చట్లు. ఆమెకూ మెట్లు ఎక్కరాదు. ఇప్పుడు బాల్కనీలోంచి తాడు కట్టిన బుట్ట దించుతున్నా. నా సకినాలు కిందికి, ఆమె గోంగూర పచ్చడి పైకి. ముచ్చట మాత్రం బుట్టలో పట్టదాయె! అరిస్తే పంజాగుట్ట దాకా వినబడుతుంది. ఇంటి సంగతులు అట్లా అరుస్తామా? పాపం, కింద నుంచి ఆమె సైగలు చేస్తారు. మొన్న సైగ చేస్తూ చేస్తూ కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. నవ్వారో, ఏడ్చారో, ఇంత ఎత్తు నుంచి ఏం తెలుస్తుంది?

అసోసియేషన్ ప్రెసిడెంటు చక్రపాణి గారికి ఫోన్ కొట్టాను. ఆయన ఉండేది మొదటి అంతస్తు.

"కంగారు పడకండి మామ్మగారూ, ప్రాసెస్ రీ-యాక్టివేట్ అవుతోంది!"

"జర నన్ను సుత కిందికి యాక్టివేట్ చెయ్యి సారూ!"

నవ్వి పెట్టేశారు.

అప్పుడు నాకు జ్ఞానోదయమైంది. ఇంత గొప్ప విద్య ఆయన ఒక్కరి దగ్గరే ఉంటే న్యాయమా? పై ట్యాంకు నుంచి ఒక్కో అంతస్తుకు నీళ్ళు దిగే వాల్వులు మా గుమ్మం పక్కనే ఉన్నాయి. తెల్లారగానే మొదటి అంతస్తుది తిప్పి మూసేశాను.

కాసేపటికే ఆయన లుంగీ మీద, మొహం నిండా సబ్బుతో, మెట్లన్నీ ఎక్కి రొప్పుతూ వచ్చారు.

"నీళ్ళు రావట్లేదు! ఏంటండీ ఇది?"

కుర్చీ వేసి కూర్చోబెట్టాను. "ఫికర్ చెయ్యకు సారూ. ఇప్పుడు మీకు ప్రీ-వాటర్ నడుస్తుంది. తర్వాత రీ-వాటర్. నీళ్ళయితే పక్కా వాటరబుల్!"

సబ్బు కళ్ళలోకి కారుతుంటే, లుంగీ మడతలోంచి ఫోన్ తీశారు. ముందు ముక్కా లేదు, వెనక తోకా లేదు.

"లిఫ్టు పాడైందయ్యా. ఇప్పుడే రా!"

మెకానిక్కు వచ్చాడు, లోపల ఏదో ఠకఠక కొడుతున్నాడు. వాల్వంటారా? ఛాయాదేవి గారి పక్కన కూర్చుని, ఆ రోజు నవ్వారా ఏడ్చారా అని అడిగాక, కోడలికి ఫోన్ చేసి తిప్పి తెరవమంటాను.