దొరలింటి దొంగకిటికీ

2014లో ఒక గురువారం ఉదయం సైట్ ఇంజనీరు రామ్మోహనరావు చేయదలచుకున్న పని చిన్నది. అబూధాబిలో కట్టిన ఇంటిని మధ్యాహ్నం యజమానికి అప్పగించాలి. సాయంత్రం భార్య సీతాదేవితో విమానం ఎక్కాలి. ఎల్లుండి రాజమండ్రిలో అన్నగారి షష్టిపూర్తి. ఇల్లు అప్పగిస్తేనే సెలవని కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, ముందే చెప్పాడు.

యజమాని ఇంగ్లండులో చదువుకున్నాడు. జార్జి రాజుల కాలంలో అక్కడి పల్లెల్లో జమీందార్లు కట్టుకున్నటువంటి ఇల్లు కావాలన్నాడు. ఆ ఇళ్లకు ఒక పట్టింపు ఉంది. నడుమ తలుపు, అటు ఎన్ని కిటికీలో ఇటూ అన్నే, అలాంటివే. లోపలి గదికి కిటికీ కుదరకపోతే బయట కిటికీ పెట్టి, వెనక గోడ కట్టేస్తారు. ఈ సంగతి రామ్మోహనరావుకు తెలియదు. ఆయనకు వాస్తు తెలుసు.

మేడమీద ఎడమ చివర ఆ గోడ ఆయన కంటపడింది.

“తూర్పు కిటికీకి గోడేమిటయ్యా లింబాద్రీ?” అని మేస్త్రీని అడిగాడు.

“నక్షల అట్లనే ఉన్నది సారూ.”

“గీసినవాడికి బుద్ధి లేకపోతే మనకూ ఉండొద్దా? కొట్టించు.”

గోడ పోయింది. వెలుతురు వచ్చింది. స్నానాలగది బయటపడింది.

“తొట్టి గేటుకాడికి కనవడ్తున్నది సారూ. ఇంటి అర్బాబ్ తానం జేస్తుంటే వాచ్‌మన్ సలాం గొట్టాల్సిందే.”

రామ్మోహనరావు ఆ అద్దానికి తెల్లరంగు వేయించాడు. అప్పుడు కుడి చివర కిటికీ తేడాగా కనిపించింది. దానికీ వేయించాడు. నడుమవి నల్లగా మిగిలాయి. వాటికీ వేయించాడు.

“కింద గిట్ల ఇడిస్తే సగం పనిల పారిపోయినమంటరు” అన్నాడు లింబాద్రి.

పన్నెండయ్యేసరికి ఇల్లు కళ్లకు శుక్లాలు వచ్చిన పెద్దమనిషిలా వీధివైపు చూస్తోంది.

సీతాదేవి ఫోన్ చేసింది. “బయల్దేరారా?”

“కిటికీలు అయిపోవచ్చాయి.”

“అప్పగించే రోజున కిటికీలేమిటండీ?”

ఇంతలో యజమాని, ముదీర్ కారు దిగారు. యజమాని చాలాసేపు తలెత్తి చూశాడు. ముదీర్ రామ్మోహనరావునే చూశాడు.

“ఖలాస్ సారూ. మీ సెలవు వోయింది” అని లింబాద్రి గొణిగాడు.

“ఈ ఆలోచన ఎవరిది?” యజమాని హిందీలో అడిగాడు.

“నాదే” అన్నాడు రామ్మోహనరావు.

“ఇన్ని కిటికీలైతే వీధంతా లోపలికే చూస్తుందని మా అమ్మ ఈ ఇంటికి రానంటోంది. ఇంగ్లీషువాళ్లకు తట్టనిది నీకు తట్టింది.” అతను ముదీర్ వైపు తిరిగాడు. “మా తమ్ముడి ఇల్లూ ఇతనే కట్టాలి. శనివారమే మొదలు.”

ముదీర్ సంతోషంగా రామ్మోహనరావు భుజం తట్టాడు. “సెలవు సంగతి తర్వాత. యల్లా, స్థలం చూసొద్దాం.”

సాయంత్రం విమానంలో సీతాదేవి తన పక్కసీట్లో చేతిసంచి పెట్టి, దానికి బెల్టు కూడా పెట్టింది.