ఆడుకోవడానికి ఒక బుధవారం

బుధవారం ఉదయం ఏడూ నలభైకి మొమొసె రోజూలాగే సూటు వేసుకుని, టై బిగించుకుని, భార్య చిజురుతో కలిసి ఓమియా స్టేషనుకు నడిచాడు. ఆమె తన రైలెక్కి వెళ్లిపోగానే అతను వెనక్కి తిరిగి ఇంటికొచ్చి, సాయంత్రం ఆరింటిదాకా వీడియో గేమ్ ఆడుకోవాలి. పథకం అంతే. సెలవు సంగతి చిజురుకు చెప్పలేదు. చెబితే గోడ బీరువా సర్దమంటుంది, మునిసిపల్ ఆఫీసుకు వెళ్లి రమ్మంటుంది. భార్యకు తెలిసిన సెలవు సెలవు కాదని పెళ్లయిన పద్నాలుగేళ్లలో అతను గ్రహించాడు.

ఆ గేమ్ రెండో భాగం వచ్చాక మూడోదాని కోసం పదకొండేళ్లు ఎదురుచూశాడు. కిందటి జూలైలో అది విడుదలైన రోజే కొన్నాడు. ఎనిమిది నెలలైంది. ఆఫీసు నుంచి వచ్చి, అన్నం తిని, తెర ముందు కూర్చుని ఆట మొదలుపెట్టిన అయిదు నిమిషాలకల్లా తల వాలిపోయేది. అతని వీరుడు మొదటి ఊరి పొలిమేర కూడా దాటలేదు. పొలిమేరలో కాపలావాడు "ప్రయాణానికి సిద్ధమేనా" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు మొమొసె ఇంతవరకూ మెలకువలో జవాబు చెప్పలేకపోయాడు.

ఇది ఒట్టి అలసటా, లేక లోపల ఏదో ఆరిపోయిందా? అతన్ని కుదురుగా ఉండనివ్వని ప్రశ్న ఇదొక్కటే. అలసటైతే నిండుగా ఒక్క పగలు దొరికితే తేలిపోతుంది. ఆరిపోయి ఉంటే? ఆలోచన అక్కడిదాకా వచ్చేసరికి అతను లేచి పళ్లు తోముకోవడానికి వెళ్లిపోయేవాడు. ఆ ఎనిమిది నెలల్లో అతని పళ్లు చాలా శుభ్రంగా తయారయ్యాయి.

సెలవు దొరకడం కష్టం కాలేదు. మార్చి నెలాఖరులోగా ఎవరి సెలవులు వాళ్లు వాడుకుని తీరాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. చిక్కల్లా 'కారణం' అన్న గడితో వచ్చింది. అతని కంపెనీ స్నానాల గదుల్లో వాడే ప్లాస్టిక్ పీటలు తయారు చేస్తుంది. ఇరవైమంది ఉన్న అతని సెక్షన్‌లో సెలవు చీటీలు చూసేది తొకొరో. మూడు గంటల టీ వేళ ఎవరు ఏ ఊరి మిఠాయి తెచ్చినా తలా ఒకటి పంచేదీ ఆవిడే. ఊరెళ్లినవాడు తిరిగొచ్చేటప్పుడు ఆ ఊరి మిఠాయి పెట్టె తేకుండా ఆఫీసు గడప తొక్కడం అక్కడ ఎవరూ ఎరగరు. ఆవిడ కలం పట్టుకుని ఎదురుచూస్తోంది. గేమ్ ఆడుకోవడానికి అని నోటిదాకా వచ్చింది. గోడమీది క్యాలెండర్లో మంచుకొండలూ, ఆవిర్లు కక్కే కొలనూ కనిపించాయి. "యునొసావా వెళ్తున్నానండీ. వేడినీళ్ల బుగ్గల్లో మునగడానికి" అనేశాడు.

అబద్ధానికి కాళ్లుండవంటారు. దీనికి మాత్రం రైలు చక్రాలున్నాయి. పక్క బల్ల దగ్గరున్న సెక్షన్ అధికారి ఇనగాకి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"యునొసావాకా? ఆ ఏటి పక్కన, నీటి చక్రం కొట్టులో పూర్ణం బన్నులు దొరుకుతాయయ్యా. మా మామగారికి ప్రాణం. గురువారం ఆయన చనిపోయిన తేదీ. ఒక్క పెట్టె తెచ్చావంటే పటం ముందు పెడతాం."

పోయినవాళ్ల పటం ముందు పెట్టేదానికి కాదనే నోరు ఎవరికుంటుంది? మొమొసె తప్పకుండా అన్నాడు. సెక్షన్‌కు ఇంకో రెండు పెట్టెలు సరిపోతాయని తొకొరో లెక్క చెప్పింది.

అందుకని పథకాన్ని కొంచెం సవరించాడు. టోక్యోలో ఆ జిల్లా సరుకులమ్మే దుకాణం ఒకటుంది. పది గంటలకు తెరుస్తారు. బన్నులు కొనుక్కుని పదకొండున్నరకు ఇంట్లో ఉంటే, ఆడుకోవడానికి ఇంకా ఆరున్నర గంటలుంటాయి.

దుకాణంలో అమ్మాయి నడుం వంచి క్షమాపణ కోరింది. ఆ బన్నులు రెండు రోజులకు మించి నిలవుండవట, శుక్రవారాలు మాత్రమే వస్తాయట. మొమొసె ముఖం చూసి ఆమెకు ఏమనిపించిందో ఏమో, అతను వద్దనేలోపే కొట్టుకు ఫోను చేసింది. మూడు పెట్టెలు మొమొసె గారి పేరున తీసిపెడతారని, మూడు గంటల దాకా ఉంచుతారని చెప్పింది. ఇక వెళ్లకపోతే ఎక్కడో కొండల్లో ఒక ముసలామె మూడు పెట్టెలు ముందు పెట్టుకుని తనకోసం వాకిలి చూస్తుంటుంది. ఆ చిత్రాన్ని మనసులోంచి చెరపలేక మొమొసె ఉత్తరం వైపు వెళ్లే రైలెక్కాడు. ఎంత పిరికి మనిషినని తనను తాను తిట్టుకున్నాడు గాని, తిడుతూనే టికెట్టు కొన్నాడు.

అయితే దారిలో ఆడుకోవచ్చని పెట్టుకున్న గేమ్ యంత్రం సంచిలో ఉంది. అది అరచేతుల్లో పట్టేంతదే. రెండు గంటల ప్రయాణం, కిటికీ పక్కన సీటు, పట్టపగలు. ఇంతకంటే ఏం కావాలి? యంత్రం తెరిచాడు. కాపలావాడు ప్రయాణానికి సిద్ధమేనా అని అడిగాడు. బయట పొలాల మీద ఎండ వెచ్చగా ఉంది. రైలు ఊగుతోంది.

కండక్టర్ భుజం తట్టి లేపేసరికి, దిగవలసిన స్టేషను దాటి రైలు ఆఖరి స్టేషన్లో ఆగి ఉంది.

వెనక్కి వచ్చే రైలు పట్టుకుని, గంటకొక్కటి వచ్చే బస్సెక్కి, మూడుకు పది నిమిషాలుందనగా నీటి చక్రం కొట్టుకు చేరాడు. కొట్టు నడిపే మిత్సుయొకు డెబ్బై దాటాయి. పెట్టెలు గుడ్డలో మూటగట్టి, చలిలో నిలబడ్డావేమని అతన్ని లోపల గదిలో కూర్చోబెట్టి టీ పోసింది. అతని నల్ల సూటునూ, మంచులో తడిసిన ఆఫీసు బూట్లనూ, కళ్ల కింద మచ్చల్నీ నెమ్మదిగా చూసింది.

"ఏ సత్రంలో దిగావు నాయనా?"

"దిగలేదండీ. మళ్లీ వెళ్లిపోవాలి."

"ఇంత దూరం వచ్చి నీళ్లలో దిగకుండానా? ఒక్కడివే వచ్చావా? ఇంట్లో తెలుసా?"

ఉదయం నుంచి అబద్ధం మోసి మోసి మొమొసె భుజాలు పడిపోయాయి. ఇక మోయడం తన వల్ల కాలేదు. "తెలీదండీ" అన్నాడు. "ఆఫీసులో ఇంకోలా అనుకుంటున్నారు."

"ఈ బన్నులెవరికి మరి?"

"ఆఫీసు వాళ్లందరికీ. ఒక పెట్టె పోయినాయన పటం ముందు పెట్టడానికి."

మిత్సుయొ కెటిలు కింద పెట్టింది. వారం మధ్యలో, చేతిలో పెట్టె బేడా లేకుండా, ఆఫీసు సూటులో ఒంటరిగా దిగే నడివయసు మగవాణ్ణి చూస్తే, ప్రాణం తీసుకోవడానికి వచ్చాడేమోనని ఆ ఊరికి ఒక భయం. అలాంటివాణ్ణి తిరుగు బస్సు ఎక్కేదాకా ఒంటరిగా వదలకూడదని అక్కడ అందరికీ ఒక మాట ఉంది. అందులోనూ ఇతను అందరికీ మిఠాయిలు పంచి సెలవు తీసుకునే మనిషిలా మాట్లాడుతున్నాడు. పొయ్యి మీద పాలు చూసొస్తానని ఆవిడ లోపలికి వెళ్లింది. జపాన్ టీలో పాలెందుకన్న అనుమానం మొమొసెకు రావలసింది. అలసిపోయి ఉన్నాడు కాబట్టి రాలేదు.

మూడూ ఇరవై బస్సుకు లేవబోతుంటే పోలీసు వాకిసాకా వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. మంచు సంగతి, చేపల సంగతి మాట్లాడాడు. బస్సు వెళ్లిపోయిన చప్పుడు వినిపించింది. అప్పుడు, ఏమీ అనుకోనంటే ఒక్క మాట అడుగుతానంటూ గొంతు తగ్గించాడు.

"ఈమధ్య దేనిమీదా మనసు నిలవడం లేదాండీ?"

ఎనిమిది నెలలుగా మొమొసె తనను తాను అడుగుతున్న ప్రశ్న అది. వేరొకరి నోట వినేసరికి దాచుకున్నదంతా బయటికి వచ్చేసింది.

"ఒకటుండేదండీ నాకు. చిన్నప్పట్నుంచీ అదంటే ప్రాణం. పదకొండేళ్లు కాచుకు కూర్చున్నాను. ఇప్పుడు చేతిలో ఉంది. ముట్టుకుంటే ఏమీ అనిపించదు. కళ్లు మూతలు పడిపోతాయి."

"ఏమిటది?"

"గేమ్. వీడియో గేమ్."

వాకిసాకా నవ్వి ఉంటే అంతా అక్కడితో అయిపోయేది. అతను నవ్వలేదు. ఇష్టమైనదాని మీద ఇష్టం పోవడమే మొదటి గుర్తని జిల్లా కేంద్రంలో ఇచ్చిన శిక్షణలో నేర్చుకున్నాడు. జేబులోంచి ఒక అట్ట తీశాడు. అందులో అయిదు ప్రశ్నలున్నాయి. పొద్దున లేవగానే అలసటగా ఉంటుందా, నిద్ర చాలడం లేదనిపిస్తుందా, ఎవరితోనూ మాట్లాడాలనిపించదా, అలాంటివి. మొమొసె అయిదింటికీ అవుననే అన్నాడు. వాకిసాకా ప్రతి ప్రశ్నకూ తన జవాబు కూడా మనసులో చెప్పుకున్నాడు. అతనికి నాలుగు వచ్చాయి.

అట్ట అడుగున 'ఇంటికీ, పనిచేసే చోటికీ తెలియజేయండి' అని ఉంది. వాకిసాకా తెలియజేశాడు. ఆఫీసు లెక్కలో మొమొసె హాయిగా వేడినీళ్లలో ఉన్నాడు. చిజురు లెక్కలో ఆఫీసులో ఉన్నాడు. ఒక్క ఫోనుతో రెండుచోట్లా లేకుండా పోయాడు.

ఆరున్నరకల్లా ఇనగాకి, తొకొరో, చిజురు ముగ్గురూ కంపెనీ కారులో వచ్చి ఆ చిన్న గదిలో మోకాళ్లు మడుచుకుని కూర్చున్నారు. మొమొసె అడకత్తెరలో పోకచెక్కలా వాళ్ల మధ్య ఇరుక్కున్నాడు. ఇనగాకి చాప మీద నుదురు ఆనించి, నీ మనసు తెలుసుకోకుండా బన్నులు తెమ్మన్న పాపం నాదేనన్నాడు. ఇక దాచి లాభం లేదని మొమొసె ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"గేమ్ ఆడుకోవడానికి సెలవు పెట్టాను సార్. అంతకుమించి ఏమీ లేదు. యునొసావా అని ఊరికే అన్నాను."

తొకొరో చేతిరుమాలు కళ్లకు అద్దుకుంది. మనల్ని బాధపెట్టడం ఇష్టంలేక ఎంత చిన్న కారణం వెతుక్కున్నారో చూడండి అంది. మొమొసె ఆశగా భార్యవైపు తిరిగాడు. తన సంగతి ఆమెకు తెలుసు. ఆమె చెబితే వింటారు.

"గేమ్ ఉన్నమాట నిజమే" అంది చిజురు. "కానీ ఇతను ఆడడు. దానిముందు కూర్చుని కళ్లు మూసుకుంటాడు. ఎనిమిది నెలలుగా ఇదే వరస. నేనేదో ధ్యానం అనుకున్నాను." ఆమె అతని వైపు తిరిగింది. "సెలవని నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా. నేనేం చేసేదాన్ని?"

బీరువా సర్దించేదానివి అని మొమొసె అనలేదు. ఆమె నిజంగానే ఏడుస్తోంది. తన అలసటను పక్కనుండి ఒకరు ఎనిమిది నెలలుగా చూస్తూనే ఉన్నారన్న సంగతి అతనికి అప్పుడు తట్టింది. సిగ్గేసింది. అంతమంది తనకోసం కూర్చుని ఉంటే, ఇప్పటికైనా బయల్దేరితే ఇంటికెళ్లి ఒక గంట ఆడుకోవచ్చా అని లోపల లెక్క వేసుకుంటున్నందుకు ఇంకా సిగ్గేసింది.

కంపెనీ డాక్టరు రెండు వారాల విశ్రాంతి రాశాడు. ఒకప్పుడు ఇష్టపడ్డ పనిని మళ్లీ అలవాటు చేసుకోవాలన్నాడు. పొద్దున రెండు గంటలు, మధ్యాహ్నం రెండు గంటలు గేమ్ ఆడాలి. మొమొసె చెవులను నమ్మలేదు. పిలిచి పిల్లనిచ్చినట్టయింది. డాక్టరు చీటీ, కంపెనీ జీతం, భార్య ఆశీస్సులు, అన్నీ ఒక్కసారే.

ఇనగాకి బాధ్యత తెలిసిన అధికారి. డాక్టరు మాటను నోటిమాటగా వదల్లేదు. ఒక పేజీ నమూనా తయారుచేసి పంపించాడు. తేదీ, ఆడిన సమయం, సాధించిన ప్రగతి, కలిగిన ఆనందం ఒకటి నుంచి అయిదు లోపు. రోజూ సాయంత్రం తెర ఫొటోతో సహా తొకొరోకు పంపాలి.

మొదటి మూడు రోజులూ మొమొసె నిద్రపోయాడు. నాలుగోరోజు లేచి ముఖం కడుక్కుని, పది గంటలకు కూర్చుని కాపలావాడికి జవాబు చెప్పాడు. మధ్యాహ్నానికి రెండో ఊరు, మర్నాటికి నది, వంతెన, ఒక రాక్షసుడు. నిద్ర రాలేదు. బాగానే ఉంది. ఆనందం గడిలో మూడు అని రాశాడు. సాయంత్రం తొకొరో ఫోను చేసి, ఏమీ అనుకోకండి మొమొసె గారూ, నాలుగు కాకపోవడానికి ఏమైనా కారణముందా అని మెల్లగా అడిగింది. రెండో వారానికి సెక్షన్ పెట్టుకున్న లక్ష్యం నాలుగున్నరట. అతను క్షమాపణ చెప్పుకున్నాడు. ఆరోరోజు పొద్దున యంత్రం ముందు కూర్చుంటే చేతులు బరువెక్కాయి. ఆ బరువును అతను ఎరుగును. సోమవారం పొద్దున ఆఫీసు లిఫ్టులో నిలబడితే వచ్చే బరువది.

గేమ్‌ను అక్కడే ఆపి, ఫొటో తీసి, అటూ ఇటూ చూసి అతను సంచి అడుగునుంచి ఒక కాగితం లాగాడు. ఆఫీసు రెండో అంతస్తులో బల్లలు మార్చారు. మంటలు లేస్తే ఎవరు ఏ మెట్ల మీదుగా బయటపడాలో కొత్త పటం గీసే పని అతని మీద పడింది. రెండు నెలలుగా ఆ పని చూస్తేనే అతనికి ఆవులింతలొచ్చేవి. ఊరికే ఒకసారి చూద్దామని పెన్సిలు తీశాడు. ఇనగాకి బల్ల జరిపితే పడమటి మెట్లకు దారి తెరుచుకుంటుందని కనిపించింది. అలా జరిపితే జిరాక్సు యంత్రం అడ్డొస్తుంది. దాన్ని తిప్పితే? చెరిపాడు, గీశాడు, మళ్లీ చెరిపాడు.

వాకిట్లో తాళం తిరిగిన చప్పుడుకు తలెత్తాడు. ఒంటిగంటన్నర. అన్నం తినలేదు. మెడ పట్టేసింది. మూడున్నర గంటల్లో ఒక్కసారి కూడా కునుకు రాలేదు. ఒళ్లంతా చెప్పలేనంత తేలిగ్గా ఉంది. పటాన్ని దిండు కిందికి తోసి, యంత్రం చేతిలోకి లాక్కుని, తేలు కుట్టిన దొంగలా తెరవైపు చూస్తూ కూర్చున్నాడు. పూటసెలవు పెట్టి వచ్చిన చిజురు గుమ్మంలోనే ఆగిపోయింది. అతని చెంపలు ఎర్రబడి ఉన్నాయి. కళ్లు మెరుస్తున్నాయి. ఆమె ఆ ముఖాన్ని చూసి ఏళ్లయింది.

"బాగా ఆడుకున్నావా?"

"ఆడుకున్నాను" అన్నాడు మొమొసె. ఆమెతో ఆ వారంలో అతనాడిన అబద్ధం అదొక్కటే. అదీ పూర్తి అబద్ధమేమీ కాదు.

ఆ సాయంత్రం ఆనందం గడిలో అయిదు అని రాసి పంపాడు. మర్నాడు మూడు గంటల టీ వేళ తొకొరో ఆ అంకెను చదివి వినిపిస్తే సెక్షనంతా లేచి చప్పట్లు కొట్టింది. వైద్యం ఇంత చక్కగా పనిచేస్తున్నప్పుడు మధ్యలో ఆపడం మంచిది కాదని, ఇనగాకి అతన్ని ఇంకో నెల ఆఫీసుకు రావద్దన్నాడు.