గవ్వలపాళెం సైజు

మూడో పంచవర్ష ప్రణాళిక పూర్తయ్యేలోగా మన సముద్రతీరంలో సరిపోని బాడీ తొడుక్కున్న స్త్రీ ఒక్కతె కూడా ఉండబోదని మంత్రిగారు మా గవ్వలపాళెం ఇసుకలో నిలబడి మైకులో ప్రకటించారు. విన్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఇంత ధైర్యంగా మాట్లాడిన మంత్రి ఇంకెక్కడైనా ఉన్నాడేమో నాకు తెలియదు.

నిజానికి ఆయన రోడ్డు గురించి మాట్లాడటానికి వచ్చారు. మైపాడు నుంచి మా పాళేనికి రోడ్డు వేస్తామని చెప్పడం ఆయనకు అలవాటే, వినడం మాకూ అలవాటే. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉత్సాహం వచ్చి, ముందువరసలో చేపల తట్ట పక్కన కూర్చున్న ఒక ఆడమనిషి వైపు చెయ్యి చూపించారు.

"ఏమ్మా, నీకేం కావాలో అడుగు. సిగ్గుపడకు. నేను నీ అన్నలాంటివాణ్ణి. ఏది అడిగినా ఇస్తాను."

ఆ ఆడమనిషి మా ఆవిడ మాలకొండమ్మ. ఆమెకు సిగ్గు తక్కువ, నొప్పి ఎక్కువ.

"నా కొలతకి సరిపొయ్యే బాడీ ఒకటి ఇప్పించండి సామీ. రవిక లోపల తొడుక్కునేది" అంది.

మైకు గుయ్యిమంది. సమితి ప్రెసిడెంటు పద్మనాభయ్యగారికి దగ్గొచ్చింది. బీడీవో చెంచురామయ్యగారు ఆకాశంలో కొంగల్ని చూడటం మొదలుపెట్టారు. మంత్రిగారు మాత్రం చలించలేదు. ఏది అడిగినా ఇస్తానని అప్పటికే అనేశారు, పేపరువాళ్ళు అప్పటికే రాసేసుకున్నారు. ఒకామెకి ఇస్తే పక్షపాతం అంటారని తీరం మొత్తానికీ ప్రకటించారు. మొదట మా పాళెంలో చేసి చూసి, తర్వాత మిగతా చోట్లకు తీసుకుపోతామన్నారు. రోడ్డు సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

మా ఆవిడ ఊరికే అడగలేదు. తట్ట నెత్తిన పెట్టుకుని ఇందుకూరుపేట దాకా నడిచేది. ముగ్గురు బిడ్డలయ్యాక భుజాలకీ వీపుకీ సలుపు పట్టుకుంది. నెల్లూరులో డాక్టరమ్మ చూసి, మందేమీ రాయలేదు. "తట్టయినా మాను, లేదా కొలత ప్రకారం బాడీ అయినా తొడుక్కో" అంది. తట్ట మానితే తినేదేమిటి? అందుకని బజారుకు పోయాం. కొట్టాయన అట్టపెట్టె తీసి, మా ఆవిడ వైపు చూడకుండా నన్ను చూసి, "పెద్దదా, చిన్నదా?" అన్నాడు. ఆయన దగ్గర ఆ రెండే ఉన్నాయి. చిన్నది ఊపిరాడనివ్వలేదు. పెద్దది జారిపోయింది, పైగా దాని సన్నపట్టీలు భుజాల్ని కోసేశాయి. డాక్టరమ్మ మళ్ళీ చెప్పింది, అట్టా కాదు, రొమ్ము కింద చుట్టూ ఒక కొలత, రొమ్ము మీద చుట్టూ ఒక కొలత తీసి, రెండింటికీ ఎంత తేడా ఉందో చూసి కుట్టాలి, పట్టీలు వెడల్పుగా పెట్టాలి అని. అట్టా కుట్టేవాళ్ళు మాకు దొరకలేదు. ప్రభుత్వం దొరికింది.

పథకం ఆలస్యం లేకుండా మొదలైంది. ఆడవాళ్ళ పనులకని సమితిలో గ్రామసేవిక అనే పోస్టు ఉంది. పోస్టు ఉంది గాని అందులో మనిషి లేదు. కాబట్టి కొలతల పని గ్రామసేవకుడు తిమోతి మీద పడింది. పాపం, పెళ్ళికాని పిల్లవాడు. అప్పటిదాకా కంపోస్టు గుంటలు కొలిచేవాడు.

"సార్, నేనెట్టా కొలిచేది సార్?" అని బీడీవోగారి ముందు ఏడుపొక్కటే తక్కువగా నిలబడ్డాడు.

"ముట్టుకోకూడదు. చూడకూడదు. కొలత మాత్రం కచ్చితంగా రావాలి" అన్నారు చెంచురామయ్యగారు. కాసేపు ఆలోచించి దారి కూడా ఆయనే చూపించారు. "మనిషెందుకయ్యా? రవిక తెప్పించు. రవికని కొలువు. ఓటరు లిస్టులో ఉన్న ప్రతి స్త్రీ ఒక రవిక హాజరుపరచాల."

మా ఆవిడ అక్కడే ఉంది. "రెండు కొలతలు తియ్యాలంట సామీ" అని డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పింది. ఆయన ఓపికగా విన్నారు.

"రెండింటికి శాంక్షన్ లేదమ్మా. ఒకటే" అన్నారు.

తిమోతికి ఇంకో అనుమానం వచ్చింది. "సార్, మన దగ్గరున్నవి కంపోస్టు గుంటల ఫారాలే. పొడుగు, వెడల్పు, లోతు అని ఉండాయి. లోతు కాడ ఏం రాసేది సార్? ఖాళీ పెడితే ఆడిట్‌లో పట్టుకుంటారు."

"వర్తించదు అని రాయి" అన్నారు చెంచురామయ్యగారు. ఆయన అంత త్వరగా ఎందుకు పైకొచ్చారో నాకప్పుడు అర్థమైంది.

పాళెంలో ఆ సాయంత్రం పెద్ద గొడవ. సర్కారువాళ్ళ ముందు పెట్టదగిన రవిక ఎవరికుంది? ఉప్పునీళ్ళకు చంకల్లో చినిగినవీ, అతుకులేసినవీ తప్ప. ముసలమ్మవ్వ సంగతి మరీ అన్యాయం.

"పుట్టినకాణ్ణించి నేను రవికే తొడగలా. దాని లోపలిది నాకెందుకురా?" అని అడిగింది.

"ఓటరు లిస్టులో ఉండావు గదవ్వా" అన్నాడు మా పాళెం పెద్ద చిన్నపోలయ్య. "నువ్వు లేకుంటే లెక్క తప్పద్ది."

మొత్తం పాళెంలో మంచి రవిక ఒక్కటే ఉంది. బడిపంతులమ్మ ఎస్తేరమ్మది. మామిడిచిగురు రంగు పట్టురవిక. అదీ ఆమె కొనుక్కున్నది కాదు. ప్రెసిడెంటుగారి భార్య కామాక్షమ్మగారు తన పిల్లలకి అల్లికలు నేర్పినందుకు తాను ఒకసారి తొడుక్కుని ఇచ్చేసినది. కామాక్షమ్మగారిది భారీ విగ్రహం. ఎస్తేరమ్మ గాలికి ఎగిరేట్టు ఉంటుంది. రెండువైపులా పిన్నీసులు పెట్టుకుని ఆదివారం గుడికి తొడుక్కుపోయేది.

"దేవుడి సన్నిధికి పనికొచ్చింది, గవర్నమెంటుకి పనికిరాదా?" అంది ఎస్తేరమ్మ. గొప్ప మనసు. ఎవరడిగినా ఇస్తానంది. అందరూ అడిగారు.

మా ఆవిడ ఒప్పుకోలేదు. తన రవికే పెడతానంది. పక్కింటి నాగులమ్మ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఆ చింకిది పెట్టి పాళెం పరువు తీస్తావా మే?"

"నా కొలత ఆ పంతులమ్మ రవికలో యాడుంటాదే?"

"కొలతదేముంది! నలుగురిలో పరువు గదా."

"పరువుని తొడుక్కుంటానా నేను? నా ఈపు నొప్పి నాది" అని మా ఆవిడ తలుపేసింది.

మర్నాడు బడిలో కొలతలు. బడికి వాకిలివైపు ఒక కిటికీ, పెరటివైపు ఒక కిటికీ. తిమోతి మధ్యలో బల్ల వేసుకుని, మర్యాద కోసం కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. ఒక స్త్రీ వాకిలి కిటికీలోంచి రవిక లోపలికిచ్చేది. చిన్నపోలయ్య టేపు పట్టి అంకె చెప్పేవాడు. తిమోతి ఒక కన్ను కొంచెం తెరిచి కాయితం మాత్రం చూసి రాసేవాడు. రవిక పెరటి కిటికీలోంచి బయటికి పోయేది. అక్కడ ముసలమ్మవ్వ అందుకుని, గోడ చుట్టూ తిప్పి వాకిట్లో నిలబడ్డ తర్వాతామెకి అందించేది. పని చాలా క్రమశిక్షణగా జరిగింది. మన ఆఫీసుల్లో అంత వేగం నేను మళ్ళీ చూడలేదు.

మధ్యలో ఒకసారి తిమోతి అన్నాడు, "పెద్దాయనా, అందరూ మామిడిచిగురు రంగే తొడుక్కుంటారా మీ పాళెంలో?"

"నీ కళ్ళు మూసుకునుండాయి గదా నాయనా" అన్నాడు చిన్నపోలయ్య.

తిమోతి సిగ్గుపడి మళ్ళీ గట్టిగా మూసుకున్నాడు.

కొలతలు చూసి చెంచురామయ్యగారు కుర్చీలోంచి లేచారట. పాళెంలో ఆడవాళ్ళందరిదీ ఒకటే సైజు! మొన్ననే ఓటొచ్చిన పిల్లదీ అంతే, ముసలమ్మవ్వదీ అంతే. ఆయన హైదరాబాదుకు రాశారు. హైదరాబాదు నుంచి గణాంకాల నిపుణుడొకాయన కళ్ళద్దాలు పెట్టుకుని జీపులో వచ్చారు. మమ్మల్నెవరినీ చూడకుండా అంకెల్నే దీక్షగా చూసి, రోజూ చేపలు తినడం వల్ల ఇలా జరుగుతుందని తేల్చారు. మా ఆడవాళ్ళు దేశంలో సగటు స్త్రీ కన్నా చాలా పుష్టిగా ఉన్నారని కూడా కనిపెట్టారు. అప్పుడు జీపు పక్కన నిలబడి ఆయన మాటలు వింటున్నది ఎస్తేరమ్మే.

సోషలిస్టు తరహా సమాజం కోసం దేశమంతా తంటాలు పడుతుంటే గవ్వలపాళెంలో ప్రకృతే దాన్ని సాధించి పెట్టిందని మంత్రిగారు నెల్లూరులో ప్రసంగించారు. పేపర్లో పడింది. చిన్నపోలయ్య చదివించుకుని విన్నాడు, మాకందరికీ గర్వంగానే అనిపించింది.

నిపుణుడు వచ్చిన రోజునే ఒక్క చిక్కొచ్చింది. ఒక కొలత మాత్రం మిగతావాటితో కలవలేదు. చాలా తేడాగా ఉంది. నిపుణుడు దాన్ని వేలితో చూపించారు.

"ఇదేమిటి?"

"తప్పు అయ్యుంటాది సార్" అన్నాడు తిమోతి భయపడి.

"తప్పే. సరిచెయ్యండి" అన్నారు నిపుణుడు. అక్కడికక్కడే సరిచేశారు. మా ఆవిడ కూడా అందరితో సమానమైపోయింది.

తర్వాత ఫ్యాషన్ నిర్ణయించడానికి సబ్‌కమిటీ కూర్చుంది. సభ్యులందరూ మీసాలున్నవాళ్ళు, అనుభవజ్ఞులు. భోజనానికి వంజరం చేప పట్టుకుని మేమిద్దరం ప్రెసిడెంటుగారింటికి పోయాం. పెరట్లో కామాక్షమ్మగారు చేప బేరం చేస్తూ నడుం పట్టుకుని మా ఆవిడతో ఎప్పుడూ చెప్పుకునేదే చెప్పుకున్నారు.

"మెడ్రాసులో ఎన్ని అంగళ్ళు ఎక్కి దిగినానో, మాలకొండా. ఒక్కటంటే ఒక్కటి నా కొలతకి కుదర్లా. ఈపంతా ఒకటే పీకుడు. మీకేమే, గవర్నమెంటే కుట్టించి ఇస్తా ఉండాది."

లోపల చర్చ హుక్కుల దగ్గరికొచ్చింది.

"హుక్కులు ముందర ఉండాల" అని పద్మనాభయ్యగారు బల్ల గుద్దారు. "స్త్రీ ఎవరి మీదా ఆధారపడకూడదు. అది మా పార్టీ సిద్ధాంతం."

"ఎనకాలుండాల" అని ప్రతిపక్షం నరసయ్యగారు లేచారు. "ఇంట్లో ఇంకొకరి సాయం తీసుకోవాల. సహకారం అంటే అదే. మీరు సహకార వ్యవస్థకి వ్యతిరేకమా?"

భోజనాల వేళ దాకా తేలలేదు. చివరికి వంజరం వాసన లోపలికి వచ్చాక రాజీ కుదిరింది. ముందూ హుక్కులే, వెనకా హుక్కులే. ఇలాంటి రాజీ వల్లనే మన ప్రజాస్వామ్యం నిలబడి ఉంది.

మా ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి, "హుక్కులు యాడున్నా పరవాలేదు సామీ. పట్టీలు వెడల్పుగా పెడితే చాలు" అంది.

"పట్టీలు అజెండాలో లేవమ్మా" అన్నారు పద్మనాభయ్యగారు ప్రేమగా. "చేప పులుసుకా, ఏపుడుకా?"

పంపిణీ రోజున మంత్రిగారే వచ్చారు. ఖద్దరు బాడీలు, మూట విప్పితే తెరచాపలు విప్పినట్టు ఉంది. మొదటిది మా ఆవిడకే ఇచ్చారు, ఫొటో తీశారు. ఆమె ఫొటో అయ్యేదాకా ఆగి, బడి గదిలోకి పోయి తలుపేసుకుంది. తొందరగానే బయటికొచ్చింది, అది చేతిలో మడిచి పెట్టుకుని.

"ఇది నాకు కాదు సామీ" అంది మైకు పక్కనే.

మంత్రిగారు బీడీవోగారి వైపు చూశారు.

"నీదేనమ్మా" అన్నారు చెంచురామయ్యగారు. "నీ కొలత ప్రకారమే."

"నా కొలత నాకు తెలవదా? దీంట్లో నేనూ నా తట్టా ఇద్దరం పడతాం."

"నువ్వు మొదట ఇచ్చినది తప్పు కొలతమ్మా. మేం సరిచేసినాం."

"కొలత సరిచేసినారు సరే. నన్నెవురు సరిచేస్తారు?"

జనం నవ్వారు. మంత్రిగారు జనం కన్నా గట్టిగా నవ్వి, మైకు దగ్గరికి లాక్కుని, "ఈ చెల్లెలు ఆనందం పట్టలేక మాట్లాడుతోంది" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, చేతులు ఊరికే ఉండవు కదా.

ఒక్కరికీ సరిపోలేదు. ముసలమ్మవ్వ దాన్ని తలకు చుట్టుకుని చూసి, అక్కడా బాగాలేదంది. సర్కారు సొత్తు పారేస్తే ఏం కేసవుతుందోనని అన్నీ మూటకట్టి నేనూ చిన్నపోలయ్యా ప్రెసిడెంటుగారింటికి మోసుకుపోయాం.

"వెనక్కి తీసుకుంటే పథకం ఫెయిలైనట్టు గదయ్యా" అన్నారు పద్మనాభయ్యగారు. "అట్టా కుదరదు. అందరూ తీసుకున్నట్టే, అందరికీ సరిపోయినట్టే. ఇక్కడే భద్రంగా ఉంటాయి, అటక మీద పడేయండి."

పడేశాం. ఆ వారమే పేపర్లో వచ్చింది. గవ్వలపాళెంలో నూటికి నూరుపాళ్ళు విజయం, ఇక జిల్లా అంతటా గవ్వలపాళెం సైజే కుట్టిస్తారు అని.

మా ఆవిడకు ఆ చలికాలం నొప్పి ఎక్కువైంది. తట్ట తనంతట తాను ఎత్తుకోలేక నన్ను వెంట తీసుకుపోయేది. అట్లా ఒకరోజు ప్రెసిడెంటుగారి పెరట్లో తట్ట దించాం. కామాక్షమ్మగారు బయటికొచ్చారు. నడుం మీద చెయ్యి లేదు. రథంలాగా నిటారుగా నడిచొచ్చారు. పదేళ్ళు తగ్గినట్టున్నారు.

"మాలకొండా, నా ఈపు నొప్పి పోయిందే!" అన్నారు, చేపల వైపైనా చూడకుండా. "మెడ్రాసులో దొరకనిది నా ఇంట్లో అటక మీదే దొరికింది. ఎవురు తీసినారో గాని కొలత, వాళ్ళకి దండం పెట్టాల. ముందు హుక్కులు ఏసుకుంటే ఎనక హుక్కుల పనే లేదు. ఇక నా జన్మకి సరిపోను ఉండాయి."

మా ఆవిడ వంగి తట్ట మీది గుడ్డ తీసింది.

"నువ్వేందే ఇంకా అట్టా వంగి నడుస్తా ఉండావు? మీ పాళెంలో అందరికీ సరిపోయినాయని పేపర్లో ఏసినారు గదా. తొడుక్కోవా? ఊరికే ఇస్తే విలువ తెలవదు మీకు."

మా ఆవిడ ఆమెను భుజాల దగ్గర్నించి నడుం దాకా నిదానంగా చూసింది.

"మీకు బాగా కుదిరిందమ్మా" అంది.

నన్ను తట్ట ఎత్తమంది.